వెనక్కి తిప్పిన తెప్ప

ఈమధ్య ఇందుకూరుపేట సెంటర్లో టీ తాగుదామని నిలబడితే చాలు, డ్రోన్ పెట్టె చేతిలో పట్టుకున్న పిల్లలు ఎవరో ఒకరు నన్ను పట్టుకుంటున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"అన్నా, డ్రోన్‌తో తీసింది మిక్సింగ్ చేసుకునేదానికి ఏ సాఫ్ట్‌వేర్ అయితే బాగుంటది? తక్కువలో రావాల. మాబోటి కొత్తోళ్ళకి తొందరగా చెయ్యి తిరగాల."

నేను స్టుడియో మూసేసి, కెమెరాలు అమ్మేసి, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఇంట్లో కూర్చున్నవాణ్ణి. అయినా అడుగుతారు. పేరు చెబితే ఒక్క మాటలో అయిపోతుంది. అక్కడికక్కడే ఫోన్‌లో ఎక్కించుకుని, నా టీ చల్లారకముందే వెళ్ళిపోతారు. అందుకే పేరు చెప్పను. "ముందు మీరేం చూపించాలనుకుంటున్నారో తేల్చుకోండిరా" అని విసుక్కుంటాను. వాళ్ళు నవ్వుకుంటూ పోతారు. ముసలాయనకు తెలియదులే అనుకుంటారు కాబోలు.

తెలుసు. ఒకప్పుడు చాలా శ్రద్ధగా వెతికి ఎంచుకున్నాను. అయితే అది నా కోసం కాదు, స్టుడియో కోసమూ కాదు. చేపలమ్ముకునే ఒక మనిషి కోసం. ఆ సంగతి మొత్తం చెబితే గానీ నా జవాబు మీకు అర్థం కాదు. కొంచెం ఓపిక పట్టండి.

మా కాలంలో ఎడిటింగ్ అనే మాట మా నోళ్ళలో లేదు. పెళ్ళి తీయడం ఒకరి పని, దాన్ని మిక్సింగ్ చేయడం ఇంకొకరి పని. నేను తీసేవాణ్ణి. మా స్టుడియోలో మిక్సింగ్ చేసే ఆవిడను ఊరంతా అక్కా అనే పిలిచేది. నాకంటే చిన్నదే అయినా నేనూ అక్కా అనే అనేవాణ్ణి. వరి పండించే ఇంటి కోడలు. క్యాసెట్ల రోజుల్లో పని నేర్చుకుని, కంప్యూటర్లు వచ్చాక వాటినీ లొంగదీసుకుంది. వెనక గదిలో ఆమె కుర్చీ, ఆమె ఫ్యాను, ఆమె దేవుడి పటం. నేను ఆదివారం గుడికి, అంటే చర్చికి, పోయేవాణ్ణి. ఆమె శుక్రవారం పసుపు రాసుకొచ్చేది. దాని గురించి మా ఇద్దరికీ ఏనాడూ మాటా మాటా రాలేదు. వచ్చిందంతా షాట్ల దగ్గరే.

అక్కకు ఒక నియమం ఉండేది. శుభకార్యం వీడియోలో ఏదీ పోతున్నట్టు కనపడకూడదు. అప్పగింతలు ఎలాగూ తప్పవు కాబట్టి అవి అయిన మరుక్షణం పెళ్ళికూతురు అత్తగారింట్లో కుడికాలు పెట్టే షాట్ తగిలించేది. బీచ్‌లో కొత్త జంటను నడిపించి తీస్తే, వాళ్ళ వెనక పడవేదైనా సముద్రంలోకి పోతుంటే అక్క ఊరుకునేది కాదు. ఒక్క మీట నొక్కి ఆ షాట్‌ను వెనక్కి తిప్పేసేది. పోయే పడవ కాస్తా ఒడ్డుకు వచ్చే పడవ అయ్యేది.

"శుభమా అని చేసుకుంటా ఉంటే పోయే పడవెందుకన్నా? వచ్చే పడవైతే చూసేదానికి నిండుగా ఉంటది" అనేది.

నిజంగానే నిండుగా ఉండేది. ఇన్నేళ్ళలో ఒక్కరూ కనిపెట్టలేదు. మా చుట్టుపక్కల మిక్సింగ్ చేసే వాళ్ళందరికీ ఈ అలవాటు ఎంతో కొంత ఉంది. అక్క దగ్గర నేర్చుకున్న వాళ్ళకైతే మరీ ఎక్కువ.

నేను డ్రోన్ కొన్న కొత్తల్లో మా సంఘంలో బాప్తిస్మాలు పెట్టారు. మైపాడు ఒడ్డున, ఆదివారం పొద్దున్నే. పాస్టర్ గారు నడుంలోతు నీళ్ళలో నిలబడ్డారు. తెల్లబట్టలు కట్టుకున్న వాళ్ళు వరుసలో ఉన్నారు. మిగతా సంఘమంతా ఇసుకలో నిలబడి పాటలు పాడుతోంది. డ్రోన్ చప్పుడుకు పాట వినపడటం లేదని ఒక పెద్దాయన నామీద కసురుకున్నాడు. దాంతో డ్రోన్‌ను బాగా పైకి పంపేశాను. అంత ఎత్తుకు వెళ్ళేసరికి బాప్తిస్మం ఒక మూలకు చేరిపోయింది. మిగతా తెరంతా సముద్రమే. అలలు విరిగే చోటు దాటాక ఒక తెప్ప, దానిమీద ఒక మనిషి. నేనతన్ని తీయాలని తీయలేదు. అడ్డం వచ్చాడు, అంతే.

ఆరోజు నీళ్ళలో మునిగిన వాళ్ళలో, పక్కనే ఉన్న జాలర్ల పల్లె పట్టపుపాళెం నుంచి వచ్చిన ఒకామె ఉంది. ముప్పై దాటి ఉంటాయి. మొగుడు తెప్ప మీద వేటకు పోతాడు, ఈమె చేపలు గంపలో పెట్టుకుని పల్లెలు తిరిగి అమ్ముతుంది. ఆమె బాప్తిస్మం తీసుకోవడం మొగుడికి ఇష్టం లేదని సంఘంలో అందరికీ తెలుసు. పెద్దగా గొడవ చేసే మనిషి కాదు. మాట్లాడటం మానేసే మనిషి. ఆమెకు నీళ్ళంటే భయం. సముద్రం పక్కనే పుట్టినా మోకాలిలోతు దాటి దిగింది లేదు. "స్నానానికి బిందె నీళ్ళు చూస్తేనే వణికేదానివి, సముద్రంలో ముంచుతారంట, పో" అన్నాడట ముందురోజు రాత్రి. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి ఆమె ఇల్లు కదిలేటప్పటికి అతను ఇంట్లో లేడు. ఎప్పట్లా చీకటితోనే వేటకు పోయుంటాడనుకుంది.

అతను మళ్ళీ ఇంటికి రాలేదు.

మొదట్లో ఎవరూ కంగారు పడలేదు. గాలి తిరిగితే వేరే ఊరి ఒడ్డుకు చేరి అక్కడే పడుకుని రావడం వాళ్ళకు మామూలే. ఆ సందులోనే అక్క బాప్తిస్మం వీడియో పూర్తి చేసి పాస్టర్ గారింటికి పంపేసింది. అక్కడి నుంచి అది సంఘం వాళ్ళ ఫోన్లన్నిటికీ పాకింది. తర్వాత పాళెం వాళ్ళు పడవలేసుకుని వెతికారు. దక్షిణంగా చాలా దూరంలో ఖాళీ తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి జాడ లేదు. పాళెంలో పెద్దవాళ్ళకు అర్థమైపోయింది. ఆమె మాత్రం ఏడవలేదు, గాజులు తీయనివ్వలేదు.

ఎందుకు తీయనివ్వలేదో నాకు చాన్నాళ్ళకు తెలిసింది. ఒక మధ్యాహ్నం ఖాళీ గంప చంకన పెట్టుకుని స్టుడియోకి వచ్చింది. మనిషి సగమైపోయింది. గంప బయట బోర్లించి లోపలికొచ్చి, తన ఫోన్ నా ముందు పెట్టింది.

"అన్నా, ఇది మీరు తీసిందే గదా. ఇక్కడ మా ఆయన వస్తా ఉండాడు చూడండి. దీని తర్వాత యాడికి పోయినాడో అది గూడా మీ కెమెరాలో ఉంటది గదా. అది కావాల నాకు."

చూశాను. తెర నిండా సముద్రం, ఒక తెప్ప, దానిమీద నిలబడిన మనిషి. తెప్ప మెల్లగా ఒడ్డువైపు వస్తోంది. మనిషి ముఖం ఒడ్డుకే ఉంది. చుట్టూ అక్క పెట్టిన పూల చట్రం, వెనక సంఘం పాట. తెప్ప అంచుకు పసుపురంగు పూసి ఉంది. ఆ రంగు తనే తెచ్చిచ్చానని, తలకు చుట్టుకున్న ఎర్రతువ్వాలు కూడా గుర్తేనని ఆమె చెప్పింది.

ఆమె లెక్క ఆమెకు కుదిరింది. చీకటితో వేటకు పోయిన మొగుడు, సరిగ్గా తను నీళ్ళలో దిగిన వేళకు ఒడ్డుకు వచ్చాడు. తనను చూశాడు. కోపంతో తెప్పను సరిగా పైకి లాగకుండా వదిలేసి, ఎటో నడిచిపోయాడు. తెప్పను అలలు లాక్కుపోయాయి. మనిషి బతికే ఉన్నాడు, తనమీద అలిగి ఎక్కడో ఉన్నాడు. ఆ నమ్మకంతోనే ఆమె నెల్లూరు బస్టాండుకు, రైల్వే స్టేషన్‌కు తిరిగింది. తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే మగవాళ్ళ గుడిసెలన్నీ తిరిగింది. విడవలూరు దాకా పోయింది. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఈ ముక్క.

నేను ఒరిజినల్స్ తొందరపడి చెరపను. హార్డ్ డిస్క్ తీసి ఆరోజు ఫైలు తెరిచాను. అందులో తెప్ప పోతోంది.

నాకు విషయం వెంటనే అర్థమైంది. వెనక గదివైపు చూశాను. అక్క గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. నేను ఫైలు మూసేసి, "రేపు రా చెల్లెమ్మా, వెతికి పెడతా" అని పంపేశాను. ఇంకేం చేయాలో తోచలేదు.

ఆమె వెళ్ళాక అక్క వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తర్వాత అంది.

"మంచికే గదన్నా తిప్పింది. వాళ్ళందరూ సంతోషంగా ఉండే రోజు."

"నిన్నేమన్నా అన్నానా అక్కా?"

"అనండి. అంటే బాగుంటది."

అక్క తప్పు చేసిందని నాకు ఇప్పటికీ అనిపించదు. ఇన్నేళ్ళూ ఎన్ని పడవలను ఒడ్డుకు చేర్చిందో, వాటిలో ఏ ఒక్కదాంట్లోనూ ఎవరి మొగుడూ లేడు. ఈసారి ఉన్నాడు.

మర్నాడు నిజం చెప్పాను. వీడియో తిప్పామని, అసలుది ఇదని చూపించాను. ఆమె చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. గంప ఎత్తుకుంటూ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"పోయేదాన్ని వచ్చేట్టు చేసేవాళ్ళు, వచ్చేదాన్ని పోయేట్టు చెయ్యలేరా? మా అత్త వచ్చి మీతో మాట్లాడిందా? ఆమె చెప్తే ఇట్టా తిప్పినారా?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఒకసారి అబద్ధం చూపించిన తెర అది. రెండోసారి అదే తెర నిజం చూపిస్తే ఎందుకు నమ్మాలి?

అత్త అంతకుముందు మా దగ్గరకు రాలేదు గానీ ఆ వారంలోనే వచ్చింది. ముసలామె, చూపు సరిగా ఆనదు, ఎవరో ఆటోలో ఎక్కించి పంపారు. కోడలు మతం మారిందని ఆమెకు కోపం లేదు. ఆ సంగతే ఎత్తలేదు. కొడుక్కి నీళ్ళు వదలలేదన్నదే ఆమె దిగులు.

"ఆ బిడ్డ ఊరూరూ తిరగతా ఉండాది నాయనా. చేపలమ్మేది గూడా సగం రోజులే. ఉప్పునీళ్ళలో నా కొడుకు యాడున్నాడో ఏమో, వాడికి ఇన్ని నీళ్ళొదలాలంటే కోడలు ఒప్పుకోవాల గదా. చచ్చిపోయినాడంటే కొట్టేదానికి వస్తది. నువ్వన్నా చెప్పు."

"నేను చెప్పినా నమ్మడం లేదమ్మా."

"నమ్మేట్టు చెప్పు" అంది ముసలామె. ఇంతకంటే పెద్ద బాధ్యత నా నెత్తిన ఎవరూ పెట్టలేదు.

మా పాస్టర్ గారితో చెప్పాను. పోయినవాళ్ళ ఇంట్లో వాళ్ళను ఓదార్చడానికి ఆదరణ కూడిక పెడదామని ఆయన కూడా అప్పటికే రెండుసార్లు అడిగి లేదనిపించుకున్నారు. చివరికి దారి చూపింది అక్కే. "మన చేత్తో చూపిస్తే నమ్మదు. ఆమె చేత్తో ఆమే తిప్పుకుని చూస్తే నమ్ముతది" అంది.

అప్పుడు మొదలుపెట్టాను సాఫ్ట్‌వేర్ వెతకడం. పిల్లలూ, మీరు అడిగే ప్రశ్న ఇక్కడ వస్తుంది.

అక్క వాడేది పెద్ద ప్రోగ్రాం. దాని తెర మీద ఉన్న గళ్ళు, మీటలు చూస్తే నాకే కళ్ళు తిరుగుతాయి. ఆ చేపలామె చదివింది ఏడో తరగతి. పైగా అది అక్క చేతిలోది, అబద్ధం పుట్టింది అందులోనే. దాన్ని ఆమె ముందు తెరవదలచుకోలేదు.

మొదట ఫోన్‌లో ఉచితంగా దొరికే ఒకదాన్ని పట్టుకున్నాను. వేళ్ళతో జరుపుకోవడమే, చిన్నపిల్లలు కూడా చేసేస్తారు. కానీ డ్రోన్ ఫైలు చాలా పెద్దది. అది మింగలేక చిన్నది చేసుకుంది. చిన్నది చేసేసరికి తెప్ప మీది మనిషి ఒక ఎర్రచుక్క అయిపోయాడు. మూలన దాని సొంత ముద్ర ఒకటి, మధ్యలో ప్రకటనలు. మొగుడి ఆఖరి చూపు మధ్యలో సబ్బు ప్రకటన రావడం నాకు నచ్చలేదు.

తర్వాత సినిమావాళ్ళు వాడేదని అందరూ పొగిడే ఒకటి దించాను. అదీ ఉచితమే. మా పాత కంప్యూటర్ దాన్ని మోయలేకపోయింది. ఫ్యాను రయ్యిమని అరిచింది, బొమ్మ ఆగి ఆగి నడిచింది. బొమ్మ ఆగి ఆగి నడిస్తే ఆమెకు మళ్ళీ అనుమానమే. ఇంకొకటి నెలనెలా చందా కట్టమంది. మరొకటి ఫైలు ఇవ్వగానే తనంతట తానే కత్తిరించి, కదలికలు సర్ది, రంగులు దిద్ది, పాట కూడా పెట్టేసింది. అది చూసి అక్క నిట్టూర్చింది. "ఇది నాకంటే ఘనం" అంది.

చివరికి దొరికింది చాలా సాదాది. పెద్ద పెద్ద మీటలు, కింద ఒకటే పట్టీ. కత్తిరించడం, నిదానం చేయడం, పెద్దది చేయడం, తిప్పడం, ఇంతే దాని విద్య. డ్రోన్ ఫైలుకు తనే ఒక తేలికైన నకలు తయారుచేసుకుని దానిమీద పని చేయిస్తుంది. ఒరిజినల్‌ను ముట్టుకోదు. మనం చెప్పందే ఏదీ చేయదు. చేసిందేదైనా ఒక్క నొక్కుతో మళ్ళీ మొదటికి వస్తుంది. ఒక లోపం మాత్రం ఉంది. తెలుగు అక్షరాలు రాస్తే ఒత్తులన్నీ ఊడిపోయి పక్కన పడతాయి. మాకు అక్షరాలతో పనిలేదు కాబట్టి ఫరవాలేదనుకున్నాను.

ఆమెను పిలిచి ఒకే మాట అడిగాను. "నేనేదీ చూపించను చెల్లెమ్మా. నువ్వే నేర్చుకుని నువ్వే చూసుకో. నేర్చుకుంటావా?"

"రెండు పూటల్లో వచ్చే పనేనా?" అంది.

"రాకపోతే మూడో పూట."

చేపలమ్మడం అయ్యాక గంప బయట బోర్లించి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, వాసన చూసుకుని మరీ మౌస్ పట్టుకునేది. మొదటిరోజు మౌస్ బల్ల అంచు దాకా పోయి కింద పడింది. "ఇది జారే చేప మాదిరి ఉండాదే" అంది. సముద్రం ఫైలు తెరవలేదు నేను. స్టుడియో ముందు కుళాయి దగ్గర ఆమె బిందె పట్టుకుంటుంటే ఫోన్‌తో తీసి, అది ఇచ్చాను. దాన్ని కత్తిరించడం నేర్చుకుంది, నిదానం చేయడం నేర్చుకుంది. తిప్పే మీట చూపించాను. నొక్కింది.

తెర మీద ఆమె వెనక్కి నడిచింది. బిందెలోంచి నీళ్ళు లేచి కుళాయిలోకి ఎక్కాయి. కళ్ళు పెద్దవి చేసి చూసింది. మళ్ళీ నొక్కింది. నీళ్ళు కిందికి పడ్డాయి. ఇంకోసారి నొక్కింది. ఎన్నిసార్లు అలా ఆడుకుందో. నవ్వింది కూడా. ఆమె నవ్వు చూడటం నాకు అదే మొదలు.

నవ్వు ఆపి, తెర మీదికి వంగి, నెమ్మదిగా అంది. "మనిషిని చూస్తే మోసపోతాం. నీళ్ళను చూస్తే తెలిసిపోతది."

నేనూ అక్కా ముఖముఖాలు చూసుకున్నాం.

"రేపు మా అత్తని గూడా తీసుకొస్తా. సముద్రంది అప్పుడు తీద్దురు" అని గంప ఎత్తుకుంది.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. ముసలామెను కుర్చీలో కూర్చోబెట్టాను. అక్క తన గది వదిలి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. నేను హార్డ్ డిస్క్ తగిలించి, ఫైలు ఏదో వేలుతో చూపించి, లేచి దూరంగా జరిగాను. ఆమె తనే దాన్ని లాగి పట్టీ మీద పెట్టుకుంది. నడిపించింది.

ఆమె ఫోన్‌లో చూసిన ముక్కకూ దీనికీ ఒక తేడా ఉంది. అక్క తెప్పను దగ్గరగా చూపించాలని మిగతా అంతా కోసేసి దాన్ని పెద్దది చేసింది. తెప్ప ఉన్నచోట అలలు విరగవు, నీళ్ళు నున్నగా ఉంటాయి. నున్నటి నీళ్ళలో ముందూ వెనకా తెలియదు. అంత ఎత్తు నుంచి చూస్తే తెప్పకు ఏది ముందో ఏది వెనకో కూడా తెలియదు. ఒరిజినల్‌లో అయితే ఒడ్డు ఉంది, నురగ ఉంది.

అల లేచి, విరిగి, తెల్లగా పరుచుకుంటూ ఇసుక మీదికి వచ్చింది. తెప్ప దూరంగా జరుగుతోంది.

ఆమె తిప్పే మీట నొక్కింది. తెప్ప ఒడ్డుకు రాసాగింది. ఇసుక మీది నురగంతా కూడుకుని, వెనక్కి పోయి, నీళ్ళలోంచి పైకి లేచి, అల అయి సముద్రంలోకి వెళ్ళిపోయింది. అలాంటి అల ఎక్కడా ఉండదు. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మళ్ళీ నొక్కింది. అల ఒడ్డుకు, తెప్ప లోపలికి. ఇంకోసారి తిప్పలేదు. మౌస్ వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలామె మాత్రం తెరకు దగ్గరగా జరిగి, కళ్ళు చికిలించి చూస్తోంది.

"వాడు యాడికి చూస్తా ఉండాడే?" అంది.

"ఏంది అత్తా?"

"పోయేవాడు ముందుకు గదా చూడాల. వాడి మొగం ఇటు ఉన్నట్టుండాదే. నాకు సరిగా ఆనడం లేదు, నువ్వు చూడు."

ఆమె మళ్ళీ మౌస్ అందుకుంది. ముక్కను మొదటికి తెచ్చి, తెప్పను పెద్దది చేసి, నిదానంగా నడిపించింది. అతను తెడ్డు వేయడం లేదు. తెడ్డును అడ్డంగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీటి లాగుడుకు తెప్ప దానంతట అదే లోపలికి పోతోంది. అతని ముఖం ఒడ్డువైపు ఉంది. తిప్పిన వీడియోలో ఒడ్డుకు వచ్చేవాడు ఒడ్డును చూస్తుంటే ఎవరికీ వింతనిపించలేదు. పోయేవాడు ఒడ్డును చూస్తున్నాడు.

ఆమె బొమ్మను మళ్ళీ చిన్నది చేసింది. తెర మీద వేలు పెట్టి, అతని దగ్గర నుంచి అతను చూస్తున్న వైపు గీత గీసినట్టు జరిపింది. వేలు కింద మూలకు వచ్చి ఆగింది. అక్కడ నీళ్ళలో తెల్లబట్టలు.

ఆ మూలను పెద్దది చేసింది. పాస్టర్ గారి చెయ్యి పైకి లేచింది. ఒక మనిషి వెనక్కి వాలి నీళ్ళలోకి పోయింది, మళ్ళీ లేచింది. తడిసిన వెంట్రుకలు ముఖం మీది నుంచి తోసుకుంది.

"నేనే" అంది ఆమె.

అప్పుడు ఆమె చేసిన పని నేను నేర్పింది కాదు. మూల నుంచి బయటికి వచ్చి, పూర్తి బొమ్మ పెట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి నడిపించింది. తను నీళ్ళలో మునిగింది. దూరంగా తెప్ప మీద మనిషి నిలబడే ఉన్నాడు. తను లేచింది. ఇంకా నిలబడే ఉన్నాడు. పక్కనున్న వాళ్ళు చెయ్యిచ్చి తనను ఒడ్డుకు తీసుకొస్తున్నారు. అప్పుడతను కూర్చున్నాడు. సముద్రం వైపు తిరిగాడు. తెడ్డు నీళ్ళలో పెట్టాడు.

చీకటితో పోలేదతను. పోయుంటే ఆపాటికి కనుచూపు మేర దాటిపోయేవాడు. ఆమె వంతు దగ్గరపడేదాకా ఎక్కడో ఆగి, అప్పుడు తెప్పను నీళ్ళలోకి తోశాడు. ఒడ్డున ఉన్నవాళ్ళందరి కళ్ళూ బాప్తిస్మం మీదే ఉన్నాయి కాబట్టి ఎవరూ చూడలేదు.

"నేను లేచిందాకా ఉండాడు" అంది ఆమె.

ముసలామె కోడలి తల మీద చెయ్యి పెట్టింది. "నీకు నీళ్ళంటే భయం గదా. మునిగినదానివి లేస్తావో లేదోనని చూసినట్టుండాడు పిచ్చోడు. లేచినావు. పోయినాడు."

అప్పుడు ఏడ్చింది ఆమె. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఏడ్చింది. నేను బయటికి వచ్చి, బోర్లించిన గంప పక్కన నిలబడ్డాను. నేనూ ఏడ్చానని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఆ తర్వాత అన్నీ వాటంతట అవే జరిగాయి. ఒక పొద్దున ముసలామె తన పద్ధతిలో సముద్రం ఒడ్డున కొడుక్కి నీళ్ళు వదిలింది. కోడలు పక్కనే నిలబడి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ సాయంత్రం పాళెంలోనే, వాళ్ళ ఇంటిముందు ఆదరణ కూడిక. పందిట్లో తెర కట్టి ఆ ముక్క చూపించాలని ఆమె అడిగింది. పాట వద్దంది, పూలు వద్దంది, పేరు కూడా వద్దంది.

మీకు చెప్పాల్సింది ఇదే పిల్లలూ. తక్కువలో రావడం ముఖ్యమే, సులువుగా ఉండటమూ ముఖ్యమే. కానీ మీరు ఎంచుకునేది మీ ఒరిజినల్‌ను ముట్టుకోకుండా ఉంచుతుందా, మీరు చెప్పందే ఊరుకుంటుందా అని చూసుకోండి. పైనుంచి తీసినప్పుడు తెరలో ఎవరెవరు పడతారో మనకు తెలియదు. తర్వాత ఎవరు వచ్చి ఏం అడుగుతారో అసలే తెలియదు. దీన్ని నేను టీ కొట్టు దగ్గర చెబితే మీరు వినరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కూడికకు ముందురోజు ఆ ముక్కను కత్తిరించుకోవడానికి ఆమె స్టుడియోకి వచ్చింది. తనే కూర్చుని తనే చేసుకుంటోంది. అక్క వెనక నిలబడి చూస్తోంది. ఆ ఉదయమే ఒక పెళ్ళి వీడియోలో వెనక పోయే పడవను అక్క తిప్పకుండా వదిలేయడం నేను చూశాను. చూసినట్టు చెప్పలేదు.

అతను నిలబడి ఒడ్డును చూస్తున్న చోటికి వచ్చింది ముక్క. అక్క ఇక ఉండబట్టలేకపోయింది. చెయ్యి చాపి తెర మీద చూపించింది.

"ఇక్కడ కోసెయ్ తల్లీ. కూర్చోకముందే. అట్టా చూస్తా ఉన్నప్పుడే ఆపేస్తే నిండుగా ఉంటది."

మిక్సింగ్ తెలిసిన ఎవరైనా అదే చెబుతారు. నేనైనా అదే చెప్పేవాణ్ణి.

ఆమె ఆ చోటును కాసేపు చూసింది. తర్వాత మౌస్‌ను పక్కకు జరిపింది. అతను కూర్చున్నాడు, తెడ్డు వేశాడు, తెప్ప చిన్నదై తెర అంచు దాటింది. ఖాళీ సముద్రం మిగిలింది. అక్కడ కోసింది.

"ఉండనీ అక్కా. పోయినాడు గదా" అంది. "పోయేదంతా ఉండనీ."